మూడో నంబరు గోడౌనులో లాటిన్ అమెరికా

మా పెళ్ళయిన ఇరవై మూడో రోజున జిల్లా కళాభవనానికి ఒక ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. ప్రతి జిల్లా కళాభవనంలోనూ నెల రోజుల్లోగా "సమకాలీన ప్రపంచంలో లాటిన్ కళ: స్థానం, విలువ" అనే విభాగం తెరవాలని దాని సారాంశం. మా ఆయన ఆ కళాభవనంలో జూనియర్ అసిస్టెంటు. ఊరి పేరు రాయొద్దని ఆయన షరతు పెట్టారు కాబట్టి రాయను. మిరపకాయల ఊరు. బస్సు దిగగానే తుమ్ము వస్తే సరైన చోటే దిగారని అర్థం.

ఆ ఉత్తర్వు ఎందుకు వచ్చిందో ఎవరికీ తెలియదు. పైస్థాయిలో ఎవరో ఏదో విందులో ఒక బొమ్మ పక్కన నిలబడి ఫొటో దిగారని ఆఫీసులో అనుకున్నారు. నాకైతే తెగ నచ్చింది. మా ఆయన దాన్ని పేరా పేరాకీ నంబర్లతో సహా చదివి వినిపిస్తూ, నాకు ఉడికించిన వేరుశనక్కాయలు ఒలిచి పెట్టారు. ఆ నెలలో నాకు నచ్చనిది ఏదీ లేదు. పాల ప్యాకెట్టు చిరిగి వంటగట్టంతా పాలైనా ఇద్దరం కూర్చుని నవ్వుకున్నాం.

"మన జిల్లాలో లాటిన్ కళ ఎక్కడుంటుందండీ?" అన్నాను.

"యోలాండా ఉందిగా!" అన్నారాయన.

ఉంది. బొలీవియా దేశపు అమ్మాయి. సహజరంగుల అద్దకం నేర్చుకోవడానికి మూడేళ్ళ కిందట వచ్చి, రైసు మిల్లు పక్కన గది అద్దెకు తీసుకుని ఉంటోంది. అద్దకంతో పాటు తెలుగు కూడా మా ఊళ్ళోనే నేర్చుకుంది కనుక, కూరల బండి దగ్గర ఆమె బేరం వింటే విదేశీయురాలని ఎవరూ అనుకోరు. ఈ నెలాఖరుతో ఆమె వీసా అయిపోతుంది. వెళ్ళేలోగా ఒక బొమ్మ పూర్తి చేసింది. వాళ్ళ అమ్మమ్మ.

ఆ బొమ్మ నేనూ చూశాను. నేల మీద చాప పరుచుకుని ఒక ముసలావిడ మొక్కజొన్న కండె నుంచి గింజలు ఒలుస్తూ ఉంటుంది. రెండు తెల్లటి జడలు, కుచ్చుల లంగా, భుజాల మీద శాలువా. కుడిచేతి బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంటుంది. పక్కన ఎండబెట్టిన మిరపకాయలు, నాలుగు టమాటాలు, గుప్పెడు వేరుశనక్కాయలు. ఆవిడ తల ఎత్తి, వచ్చింది ఎవరా అన్నట్టు చూస్తుంది. ఆ చూపు ముందు నిలబడితే 'నేనేనండీ' అని చెప్పాలనిపించింది.

"పోయినేడు చనిపోయింది మా అమ్మమ్మ. కొండ దిగి ఎరగదు," అని చెప్పింది యోలాండా. "నేను ఇక్కడికి వచ్చేటప్పుడు ఒకటే అడిగింది. నన్ను గియ్యి, ఏదైనా మంచి గోడకి తగిలించు, తగిలించాక ఒకసారి కూర్చుని చూసి రా అంది. అంతేనండీ. ఆ మాట నిలబెడితే చాలు, నేను పోతాను."

మా ఆయన ఆ బొమ్మను రసీదు ఇచ్చి తీసుకున్నారు. స్టాకు రిజిస్టరులో నంబరు వేశారు. రిక్షా మీద కళాభవనానికి తెచ్చారు. అంతవరకూ అంతా సవ్యంగానే జరిగింది.

కళాభవనం సంచాలకులు కోదండపాణి గారు బొమ్మ చుట్టూ ఒకసారి ప్రదక్షిణం చేశారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ప్రద్యుమ్నా, ఇందులో లాటిన్ ఎక్కడుందయ్యా?"

"గీసినామెది బొలీవియా సార్."

"గీసినామె సంగతి కాదు. గీయబడినదాని సంగతి. ముళ్ళజెముడు ఏది? పెద్ద టోపీ ఏది? పుర్రె ఏది?"

యోలాండా పక్కనే ఉంది. "ఇంట్లో కూర్చున్నప్పుడు టోపీ ఎవరు పెట్టుకుంటారు సార్? మీరు పెట్టుకుంటారా?"

"విషయాన్ని పక్కదారి పట్టించకండి. మిరపకాయలు. మన జిల్లా పంట. టమాటా. మన పక్క జిల్లా పంట. వేరుశనగ, మొక్కజొన్న. ఇవి వ్యవసాయ శాఖ వారి క్యాలెండరులో ఉండవలసిన వస్తువులు."

"అవన్నీ మా దగ్గర్నించే వచ్చాయి సార్. మిరపకాయ మాది. టమాటా మాది. మీకు నాలుగైదు వందల ఏళ్ళ కింద ఒక్కటీ తెలీదు."

కోదండపాణి గారు మొదటిసారి నిజంగా నొచ్చుకున్నారు. "అమ్మా, మీరు అతిథులు కాబట్టి ఊరుకుంటున్నాను. మిరపకాయ మాది కాదని ఈ ఊళ్ళో బయట అనకండి. శాంతిభద్రతల సమస్య వస్తుంది."

ఆయన చెడ్డవారు కారు. సంక్రాంతికో ఉగాదికో సిబ్బందికి స్వీటు ప్యాకెట్లు ఇచ్చే మనిషి. కాకపోతే ఉత్తర్వు మూడో పేరాలో "లాటిన్ కళగా ధ్రువీకరించబడిన" అనే మాట ఉంది. ఎవరు ధ్రువీకరించాలో లేదు. మనిషి ఏ ఊరివాడో, ఏ కులం వాడో, ఎంత ఆదాయం వాడో ధ్రువీకరించే అధికారం మన దగ్గర ఒక్కరికే ఉంది: తహసీల్దారుకు. కాబట్టి బొమ్మకు స్థానికత సర్టిఫికెట్టు కోసం దరఖాస్తు పెట్టమన్నారు.

ఆ దరఖాస్తు మా ఇంట్లో, మా కొత్త డైనింగ్ టేబుల్ మీద నింపాం. ఆ టేబుల్ మీద మేము చేసిన మొదటి ఘనకార్యం అదే.

"దరఖాస్తుదారు పేరు?" అని అడిగాను పెన్ను పట్టుకుని.

"అమ్మమ్మ. కాన్వాసు మీద రంగులు."

"తండ్రి లేదా భర్త పేరు?"

"వర్తించదు అని రాయి హిమా."

"నాలుగు నుంచి పదో తరగతి వరకు చదివిన పాఠశాలలు?"

మా ఆయన పెన్ను నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు ఆలోచించి, "ప్రైవేటుగా" అని రాశారు.

విచారణకు గంగరాజు గారు వచ్చారు. ఆయన వీఆర్వో. ఏ మనిషి ఏ ఊరివాడో తేల్చడానికి ఆయనకు ఒకే పద్ధతి తెలుసు: చుట్టుపక్కల ఐదుగురిని పిలిచి అడగడం, వాళ్ళ చేత సంతకాలో వేలిముద్రలో తీసుకోవడం. బొమ్మ చుట్టుపక్కల ఎవరుంటారు? రైసు మిల్లు పక్క గదిలో పుట్టింది కాబట్టి, ఆ మిల్లుకెదురుగా ఉన్న మిర్చి యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళని పిలిచారు. బొమ్మని ఒక కుర్చీలో కూర్చోబెట్టారు.

"ఈ ముసలావిడ ఎవరో తెలుసా మీకు?"

రత్తమ్మ అనే ఆమె ముందుకొచ్చి చూసింది. ఆ గుంపుకి ఆమే పెద్ద.

"తెలవకేందయ్యా. ఆ ఏలికి గుడ్డ చుట్టుకుంది చూడు. రోజంతా ఒలిచే మనిషి కాకపోతే ఆ గుడ్డెందుకు చుట్టుద్ది? మా పనోళ్ళే."

"పేరు చెప్పమ్మా."

"పేరేవుంది? మా మేనత్త రవణమ్మ ఇట్టాగే చూసేది, ఎవురొచ్చినా. 'ఏమే, అన్నం తిన్నావా' అని ఇప్పుడడుగుద్ది చూడు."

"మా వీధి కోటమ్మ గూడా ఇట్టాగే ఉంటది," అంది ఇంకొకామె.

"రెండు జడలేంది మరి?" అన్నారు గంగరాజు గారు, ప్రభుత్వం తరఫున అనుమానపడుతూ.

"ఒక జడ ఏసుకోవాలని జీవో ఏమన్నా ఉందా?"

ఐదుగురు కాదు, పదకొండు మంది వేలిముద్రలు వేశారు. గంగరాజు గారు పంచనామా రాశారు: "పై తెలిపిన ముసలమ్మ ఇచటి వాస్తవ్యురాలని, చేతిపని మీద జీవించునని, అందరితో మర్యాదగా మెలగునని విచారణలో తేలినది." మూడో రోజున సర్టిఫికెట్టు వచ్చింది. అమ్మమ్మ మా జిల్లా స్థానికురాలు.

ఆ సర్టిఫికెట్టు చూసి యోలాండా పకపకా నవ్వింది. నవ్వి, "అయితే స్థానిక విభాగంలో తగిలించండి సార్. ఏ గోడైనా నాకు ఒకటే," అంది.

"స్థానిక విభాగానికి నియమావళి వేరమ్మా," అన్నారు కోదండపాణి గారు. "అక్కడ చిత్రకారుడు స్థానికుడై ఉండాలి. మీరు లాటిన్."

"లాటిన్ విభాగంలో?"

"బొమ్మ లాటిన్ అయి ఉండాలి. అది స్థానికం."

"అయితే నాకు తిరిగి ఇచ్చేయండి. నేను పట్టుకెళ్తాను."

"స్టాకు రిజిస్టరులో ఎక్కిన వస్తువు బయటకు పోవడానికి ఒకటే మార్గం. నిరుపయోగ సామగ్రిగా ప్రకటించి, విరిగిన కుర్చీలతో కలిపి వేలం వేయడం. ఈ నెల ఇరవై తొమ్మిదిన ఉంది. ప్రద్యుమ్నా, జాబితాలో చేర్చు."

ఆ సాయంత్రం యోలాండా కళాభవనం మెట్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. నేను పక్కన కూర్చుని మొక్కజొన్న పొత్తు ఇస్తే సగం విరిచి నాకే ఇచ్చింది. "మా అమ్మకి ఏం చెప్పనండీ? అమ్మమ్మని కుర్చీలతో కలిపి అమ్మేశారని చెప్పనా?"

లాటిన్ విభాగం మాత్రం నిండింది. సినిమా హాళ్ళకి బ్యానర్లు గీసే బుజ్జి గారు రెండు రోజుల్లో పద్నాలుగు ముళ్ళజెముళ్ళు, తొమ్మిది టోపీలు, ఆరు పుర్రెలు గీసిచ్చారు. నమూనాలు ఆయన ఫోనులో దించుకున్నవి కాబట్టి 'మూలం: విదేశం' అని అదే రోజు ధ్రువీకరణ అయిపోయింది. ముళ్ళజెముడు సరిగ్గా కుదరడం కోసం బుజ్జి గారు సంచాలకుల ఇంటి వెనక కంచెలో ఉన్న దాన్నే చూసి గీశారని మా ఆయన చెప్పారు.

ఒకరోజు అన్నం తింటుండగా నేను నోరు జారాను. "బొమ్మ లాటిన్ అమెరికాలో పుట్టలేదనేగా మీ సార్ బాధ? లాటిన్ అమెరికానే ఇక్కడికి తెప్పించేసి, దాన్ని కొన్నాళ్ళు అందులో ఉంచండి."

మా ఆయన పెరుగన్నం మధ్యలో ఆగిపోయారు. కడుక్కోకుండానే ఎడమచేత్తో నోట్ ఫైలు తీశారు. ఆయన అలా ఎడమచేత్తో వంకరటింకరగా రాస్తుంటే ఎంత ముద్దొచ్చారో చెప్పలేను.

నోట్ ఫైలులో ఏముందంటే: ఒక ప్రాంతంలో నిర్ణీత కాలం వరుసగా నివసించిన వారికి అక్కడి స్థానికత వస్తుంది. ప్రభుత్వం తలుచుకుంటే ఏ స్థలాన్నైనా ఒక ప్రయోజనం కోసం మరొకటిగా పరిగణించవచ్చు. ఎన్నికలప్పుడు బడిని పోలింగు కేంద్రంగా, పుష్కరాలప్పుడు పొలాన్ని బస్టాండుగా పరిగణించడం లేదా? కావున మిర్చి యార్డులో ఖాళీగా ఉన్న మూడో నంబరు గోడౌనును అధికారిక ప్రయోజనాల నిమిత్తం లాటిన్ అమెరికాగా పరిగణించవచ్చును.

కోదండపాణి గారు అది మూడుసార్లు చదివారు. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇది రా ఫైలంటే!" అన్నారు. అది పైకి వెళ్ళింది. అక్కడ నలభై ఫైళ్ళ కట్ట మధ్యలో దీని మీద కూడా సంతకం పడింది. తిరిగొచ్చిన ఉత్తర్వులో ఇలా ఉంది: "మూడవ నంబరు గోడౌను, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు, పని వేళలు అనగా ఉదయం పది నుండి సాయంత్రం ఐదు వరకు, లాటిన్ అమెరికాగా పరిగణించబడును. నివాస కాలము ప్రత్యేక సందర్భముగా నాలుగు సంవత్సరముల నుండి పదిహేను దినములకు సడలించడమైనది."

గోడౌను ఊడ్చారు. అమ్మమ్మని తీసుకెళ్ళి లోపలి చివరి గోడకి తగిలించారు. గుమ్మానికి అడ్డంగా సున్నంతో గీత గీశారు. సరిహద్దుల వ్యవహారం రెవెన్యూ వారిది కాబట్టి గంగరాజు గారిని గీత దగ్గర బల్ల వేసి కూర్చోబెట్టారు. మా ఆయనకు లాటిన్ అమెరికా ఇన్‌చార్జిగా డిప్యుటేషన్ వేశారు.

అలా పెళ్ళయిన రెండో నెలలోనే నేను విదేశయాత్ర చేశాను. షేర్ ఆటోలో, పది రూపాయలకి, ఒళ్ళో క్యారేజీ పెట్టుకుని.

"ఏం తీసుకుపోతున్నావమ్మా లోపలికి?" అన్నారు గంగరాజు గారు రిజిస్టరు తెరిచి.

"పప్పు, దొండకాయ వేపుడు, గోంగూర పచ్చడి, పెరుగు."

"పచ్చడి ఎంతుంటది?"

"రెండు చెంచాలు."

"వాణిజ్యం కిందకి రాదులే. వచ్చిన పని?"

"మా ఆయనకి అన్నం."

'కుటుంబ సందర్శనం' అని రాసి నా చేతి పుస్తకంలో గుండ్రటి ముద్ర వేశారు. ఆ ముద్ర ఇప్పటికీ దాచుకున్నాను. లోపల చల్లగా, చీకటిగా, ఘాటుగా ఉంది. ఇద్దరం తుమ్ముకుంటూ అన్నం తిన్నాం. అమ్మమ్మ మా వైపే చూస్తూ ఉంది.

రెండో రోజు నుంచి రత్తమ్మ బృందం కూడా సద్దిమూటలతో వచ్చేయడం మొదలుపెట్టింది. గంగరాజు గారు వాళ్ళని 'సీజనల్ వలస కూలీలు' కింద రాసుకున్నారు.

"దుబాయి పోయేదానికి మా తమ్ముడు పొలం అమ్ముకున్నాడు," అంది రత్తమ్మ గీత దాటుతూ. "నేను చూడు, చెప్పులు గూడా ఇప్పకుండా వచ్చేశా."

వాళ్ళు బొమ్మకి ఎదురుగా వరసగా కూర్చుని తినేవాళ్ళు. తిన్నాక ఒకరి చేతులు ఒకరు చూసుకుని, మంట తగ్గడానికి మజ్జిగ రాసుకునేవాళ్ళు. ఒకామె బొమ్మ దగ్గరకెళ్ళి, "గుడ్డ ఇంకాస్త గట్టిగా చుట్టుకోవే పెద్దమ్మా, జారుద్ది," అని చెప్పొచ్చింది. లాటిన్ కళ విలువ గురించి ఉత్తర్వు వచ్చాక మా కళాభవనంలో జరిగిన మూడు సదస్సుల్లోనూ ఇంత సూటిగా ఎవరూ మాట్లాడలేదని మా ఆయన అన్నారు.

యోలాండా మూడో రోజు వచ్చింది. కెమెరా పట్టుకుని, తలస్నానం చేసి, జడలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. గంగరాజు గారు లేచి నిలబడి రెండు చేతులూ అడ్డం పెట్టారు.

"మీరు రాకూడదమ్మా."

"నా దేశంలోకి నన్ను రానివ్వరా?"

"మీ దేశంలోకి మీరు శుభ్రంగా రావచ్చు. మా దేశంలోంచి మీరు పోకూడదు. మీ వీసా చూశాను. 'ఒక్క ప్రవేశం' అని ఉంది. ఈ గీత దాటారంటే ఇండియా వదిలినట్టు. మళ్ళీ ఇటు అడుగు పెట్టలేరు. మీ సామానంతా రైసు మిల్లు దగ్గరే ఉండిపోద్ది. మీ అద్దకం పరీక్ష గూడా ఇరవై ఎనిమిదినాయె."

ఆయన గొంతులో నిజమైన జాలి ఉంది. నిజమైన జాలి ఉన్నా గీత మీంచి పక్కకి జరగలేదు.

యోలాండా గీత ఇవతల నిలబడి మునివేళ్ళ మీద లేచి చూసింది. గోడౌను పొడవు ఎనభై అడుగులు. లోపల ఒకటే బల్బు. లంగా ఎరుపు మాత్రం కనిపించిందట. రోజూ వచ్చి కాసేపు అక్కడే నిలబడేది. లోపల్నించి రత్తమ్మ కేకేసి చెప్పేది, "ఇయ్యాళ బాగుందమ్మా మీ అమ్మమ్మ! దుమ్ము తుడిచాం!"

ఇరవై ఐదున ప్రారంభోత్సవం. రాజధాని నుంచి ప్రత్యేక కార్యదర్శి గారు వచ్చారు. కళాభవనంలో బుజ్జి గారి ముళ్ళజెముళ్ళ మధ్య నాలుగు నిమిషాలు నడిచారు. జనం ఎవరూ లేరు. "ఊళ్ళో వాళ్ళంతా ఏరయ్యా?" అని అడిగారు.

"లాటిన్ అమెరికాలో ఉన్నారు సార్," అన్నారు కోదండపాణి గారు.

కార్లన్నీ మిర్చి యార్డుకి వచ్చాయి. కార్యదర్శి గారు గీత దాకా వచ్చి, ఒక కాలు ఎత్తారు.

"సార్!" అన్నారు గంగరాజు గారు బల్ల వెనక నుంచి లేచి. "తమరి విదేశీ పర్యటన అనుమతి పత్రం?"

కాలు గాల్లోనే ఆగింది. కార్యదర్శి గారు తన పీఏ వైపు చూశారు. ప్రభుత్వ అధికారి ముందస్తు అనుమతి లేకుండా దేశం దాటితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆయన బ్యాచిమేటు ఒకరు అలాగే దాటి ఇంకా సంజాయిషీలు రాసుకుంటున్నారట. కాలు మెల్లగా ఇండియాలోనే దిగింది.

"ఇక్కణ్ణించే వీక్షిస్తాను," అన్నారు. రెండు నిమిషాలు వీక్షించి, ఒకసారి తుమ్మి, మైకు అందుకున్నారు. "సమకాలీన ప్రపంచంలో లాటిన్ కళకు సముచిత స్థానం ఇవ్వవలసిన చారిత్రక ఆవశ్యకతను గుర్తించిన ఈ జిల్లా, ఆ స్థానాన్ని మిర్చి యార్డు, గోడౌను నంబరు మూడుగా నిర్దిష్టంగా నిర్ణయించినందుకు అభినందిస్తున్నాను." లోపలున్న వాళ్ళు చప్పట్లు కొట్టారు. విదేశాల నుంచి కూడా స్పందన వచ్చిందని మర్నాడు పత్రికా ప్రకటనలో రాశారు.

ఇరవై తొమ్మిదిన వేలం. విరిగిన కుర్చీలు వెళ్ళిపోయాయి. అమ్మమ్మకి పదిహేను రోజుల నివాసం ఇంకా నిండలేదు కాబట్టి పేరు జాబితాలోనే ఉంది. అయితే బొమ్మని గోడ మీంచి దించి తేవడానికి వేలం అధికారి పని వేళల్లోనే గీత దాటాలి. ఆయనకు విదేశీ పర్యటన అనుమతి సరికదా, పాస్‌పోర్టు కూడా లేదు. గోడౌనును మళ్ళీ ఇండియాగా పరిగణించాలంటే తదుపరి ఉత్తర్వు కావాలి. అది విదేశాంగానికి సంబంధించిన విషయమని ఫైలు ఢిల్లీకి పంపారు. అది ఎప్పుడు తిరిగొస్తుందని మా ఆయన్ని అడిగితే, "మన పిల్లల పెళ్ళిళ్ళకి," అన్నారు. నేను సిగ్గుపడి ఫైలు గురించి ఇంకేమీ అడగలేదు.

ముప్ఫయ్యో తేదీన యోలాండా వీసాకి ఆఖరు రోజు. పరీక్ష అయింది. ఆ అర్ధరాత్రిలోగా ఇండియా వదలాలని పోలీసు వారి కాగితం కూడా వచ్చింది. సాయంత్రం నాలుగున్నరకి భుజాన సంచీతో గీత దగ్గరకు వచ్చి, ఆ కాగితం గంగరాజు గారి బల్ల మీద పెట్టింది.

"ఇవాళ నేను ఇండియా వదలాలటండీ. చట్టం."

గంగరాజు గారు కాగితం రెండు వైపులా చదివారు. లేచి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, ఎప్పుడూ వేసే ముద్ర కాకుండా సొరుగులోంచి 'దేశం విడిచినారు' అన్న కొత్త ముద్ర తీసి వేశారు. పక్కకి జరిగారు.

ఆమె ఎనభై అడుగులు నడిచింది. మేమెవరమూ వెనకాల వెళ్ళలేదు. రత్తమ్మ వాళ్ళు మాత్రం లోపలే ఉన్నారు. కాస్త సర్దుకుని చోటిచ్చారు. యోలాండా వాళ్ళు పరుచుకున్న చాప మీద కూర్చుని తల ఎత్తింది. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. ఆమె భుజాలు కదలడం కనిపించింది. రత్తమ్మ కొంగుతో ఆమె మొహం తుడవబోయి, కొంగుకి కారం ఉందని గుర్తొచ్చి ఆగిపోయి, పక్కామె కొంగు లాక్కుంది. ఇద్దరూ నవ్వారు.

ఐదైంది. యార్డు సైరను మోగింది. పని వేళలు ముగిశాయి. లాటిన్ అమెరికా మూసి తాళం వేయాలి. యోలాండా సంచీ తీసుకుని లేవబోయింది. గంగరాజు గారు తాళంచెవి పట్టుకుని గీత దాకా వచ్చి ఆగారు.

"అమ్మా, మీ ఊళ్ళో ఇప్పుడు టైమెంతవుద్ది?"

ఆమె లెక్క వేసుకుంది. "పొద్దున ఏడున్నర."

గంగరాజు గారు జేబులోంచి ఉత్తర్వు తీసి మరోసారి చదివారు. పది నుంచి ఐదు అని ఉంది. ఏ దేశపు టైమో లేదు.

"అయితే ఇంకా ఆఫీసే తెరవలేదు కదండీ, మూసేదేముంది?" అన్నారు. "కూర్చోండి."